ప్లేట్లన్నీ ఒకటి కావు

సంపాదకుడు గారికి నమస్కారం.

మూడు వారాల కింద మీ ఆదివారం అనుబంధంలో పాత గ్రామఫోన్ రికార్డుల గురించి ఒక పేజీ వ్యాసం వేశారు. మీ సజ్జ మీద లక్షలున్నాయేమో చూసుకోండి అని దానికి శీర్షిక. ఆ రోజు నుంచి ఈ ఉత్తరం రాసే నాటికి మా ఇంటికి ఇరవై ముగ్గురు వచ్చారు. ఈ లెక్క నాది కాదు, మా ఇంటామెది. వచ్చిన ప్రతి ఒక్కరికీ చాయ్ పెట్టింది ఆమె కాబట్టి ఆమె లెక్కే ఖాయం.

నేను నల్లగొండలో క్లాక్ టవర్ దగ్గర ముప్పై ఐదేళ్లు రేడియోలు, టేప్ రికార్డర్లు, ఆ తర్వాత టీవీలు రిపేరు చేశాను. ఇప్పుడు దుకాణం లేదు. నా దగ్గర పాత ప్లేట్లున్న సంగతి ఊళ్లో చాలామందికి తెలుసు. పేపర్లో రికార్డులని రాస్తారు గాని, మేం ప్లేట్లనే అంటాం. మీ వ్యాసం చదివినవాళ్లంతా సంచులు పట్టుకుని నేరుగా మా గల్లీకి వచ్చారు. అందులో సగం మంది ఒకప్పుడు నా దగ్గర రేడియో బాగు చేయించుకున్నవాళ్లే, వాళ్ల మీద కోపమేం లేదు. కానీ వ్యాసంలో మూడు తప్పులున్నాయి. ఒకటి బొమ్మలో, ఒకటి లెక్కలో. మూడోదాని వల్ల ఒక పెద్దావిడ ప్లేటు పాడైంది. దాని సంగతి కింద రాస్తాను.

ముందు బొమ్మ. బీటిల్స్ అనే ఇంగ్లండ్ బృందం మొదటి ఆల్బమ్ ‘ప్లీజ్ ప్లీజ్ మీ’ 1963లో వచ్చిందని, దాని తొలి ముద్రణకు లక్షలు పలుకుతాయని రాశారు. పక్కన వేసిన ఫొటో మాత్రం ఆ ఆల్బమ్‌ది కాదు. అది 1973లో వచ్చిన రెండు ప్లేట్ల సంకలనం, ఎర్ర అట్టది. పొరపాటు ఎక్కడ జరిగిందో నాకు అర్థమైంది. రెండు అట్టల మీదా అదే నలుగురు కుర్రాళ్లు, అదే మెట్ల రెయిలింగ్ మీంచి కిందికి వంగి నవ్వుతుంటారు. లండన్‌లో వాళ్ల ప్లేట్లు వేసే ఈఎంఐ కంపెనీ ఆఫీసు మెట్ల దగ్గర ఆంగస్ మెక్‌బీన్ అనే ఫొటోగ్రాఫర్ 1963లో తీసిన బొమ్మలవి. ఒకటి అప్పుడే వాడారు, మిగిలినదాన్ని పదేళ్ల తర్వాత ఎర్ర సంకలనానికి వాడారు. 1969లో అదే మెట్ల దగ్గర, అదే ఫొటోగ్రాఫర్‌తో, పెరిగిన జుట్లతో గడ్డాలతో మళ్లీ తీయించుకున్న ఫొటో నీలం సంకలనానికి పోయింది. అసలు మొదట లండన్ జూలో పురుగులుండే ఇంటి దగ్గర తీద్దామనుకున్నారట. బృందం పేరు వింటే పురుగు పేరే కదా గుర్తొచ్చేది. జూ వాళ్లు ఒప్పుకోలేదు.

మీ బొమ్మ చూసి మిర్యాలగూడ నుంచి ఒకాయన సరిగ్గా ఆ ఎర్ర అట్టనే పట్టుకొచ్చాడు. బస్సులో ఒళ్లో పెట్టుకుని, పైన దుప్పటి చుట్టి. “కాకా, పేపర్ల ఉన్నట్టే ఉన్నది చూడు” అన్నాడు. నిజంగానే పేపర్లో ఉన్నట్టే ఉంది. నేనేం చెప్పను? బిడ్డ పెళ్లి ఖర్చు కొంత వెళ్లిపోతుందనుకుని వచ్చాడాయన. చాయ్ సగం తాగి లేచిపోయాడు.

ఈ ఒక్క ఆల్బమ్ మీదే ఇంత ఎందుకు రాస్తున్నానంటే, నా దగ్గర ఎక్కువగా ఉన్నది అదే. ఎనిమిదున్నాయి. ప్లేట్లు, క్యాసెట్టు, సీడీలు అన్నీ కలిపి ఎనిమిది. మీ వ్యాసం చివర్లో ఒక ముక్క రాశారు: కొందరు ఒకే ఆల్బమ్‌ను మళ్లీ మళ్లీ కొంటారు, అదో సరదా పిచ్చి అని. పిచ్చి అన్నందుకు బాధ లేదు. మా ఇంటామె ఈ నలభై ఏళ్లలో అంతకన్నా గట్టి మాటలే అన్నది. ‘ఒకే ఆల్బమ్’ అన్నారు చూడండి, నా పేచీ దాంతోనే.

1983లో నాగార్జునసాగర్ హిల్ కాలనీ నుంచి ఒక ఇంజనీరు గారి ప్లేట్లు వేసే పెట్టె, హెచ్ఎంవీ ఫియెస్టా, నా దగ్గరికి రిపేరుకు వచ్చింది. 1955లో నెహ్రూ డ్యామ్‌కు పునాదిరాయి వేసిన నాటి నుంచి ఆ కాలనీల్లో ఎక్కడెక్కడి ఇంజనీర్లో ఉండేవాళ్లు. మా జిల్లాలో ఇంగ్లిష్ ప్లేటు కనబడాలంటే అక్కడే కనబడాలి. మోటారు తిరుగుతోంది గాని పైన పళ్లెం తిరగడం లేదు. లోపలి రబ్బరు చక్రం గట్టిపడి జారిపోతోంది. చక్రం మార్చాను. నడుస్తుందో లేదో చూద్దామని ఆయన పంపిన ప్లేట్లలోంచి పైనున్నది తీసి పెట్టాను. ముల్లు ఆనగానే ఎవరో ‘వన్, టూ, త్రీ, ఫోర్’ అని అరిచారు. ప్లేటు గీరుకుపోయిందనుకుని గబుక్కున ముల్లు ఎత్తేశాను. మళ్లీ పెడితే మళ్లీ అదే అరుపు. అప్పటిదాకా పాట అంటే ముందు వయొలిన్లు రావాలి, తర్వాత గొంతు రావాలి అనుకునేవాణ్ణి. లెక్కపెట్టి మొదలుపెట్టే పాట వినడం అదే మొదలు.

ఇంజనీరు గారికి బదిలీ అయింది. సామాన్లు సర్దే హడావిడిలో, రిపేరు డబ్బుల కింద ఆ ప్లేటు నువ్వే ఉంచుకో అన్నారు. బిల్లు పద్దెనిమిది రూపాయలు. అలా వచ్చింది నా మొదటి ‘ప్లీజ్ ప్లీజ్ మీ’. మధ్యలోని గుండ్రటి లేబుల్ మీద అడుగున చిన్న అక్షరాల్లో మేడ్ ఇన్ ఇండియా, దమ్ దమ్ అని ఉంటుంది. కలకత్తా పక్కన దమ్ దమ్‌లో గ్రామఫోన్ కంపెనీ ఫ్యాక్టరీ 1928లో పెట్టారు. మన ఘంటసాల ప్లేట్లు అచ్చయిందీ, ఈ ఇంగ్లండ్ కుర్రాళ్ల ప్లేట్లు అచ్చయిందీ అక్కడే.

రెండోది 1991లో హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లో దొరికింది. పాత తాళాలు, స్పానర్ల మధ్య పడి ఉంది. అడిగింది డెబ్బై, ఇచ్చింది నలభై. ఇంగ్లండ్‌లో అచ్చయినది, పసుపు, నలుపు లేబుల్. ఇంటికి తెచ్చి రెండూ పక్కపక్కన పెట్టాను. బొమ్మ అదే, పద్నాలుగు పాటలూ అవే. చేతిలోకి తీసుకుంటే తేడా తెలుస్తుంది. ఇంగ్లండ్ అట్టకు ముందు వైపు గాజులాగా మెరిసే పొర, వెనక వైపు అంచులు మడిచి అంటించారు. పుస్తకానికి అట్ట వేసినప్పుడు కాగితం లోపలికి మడుస్తాం కదా, అట్లా. కాకపోతే ఆ మడత బయటికే కనబడుతుంది.

అప్పుడు నా దగ్గర గడియారాల మెకానిక్కులు కంటికి బిగించుకునే భూతద్దం ఒకటుండేది. పాటలు అయిపోయాక లేబుల్ దాకా నల్లగా ఖాళీగా ఉండే జాగా ఉంటుంది కదా, అక్కడ ఏవో అక్షరాలు మెరుస్తుంటే దాంతో చూశాను. ఎక్స్ఈఎక్స్ 421, గీత, 1ఎన్. మోనో ప్లేటు, అంటే శబ్దమంతా ఒకే దారిలో కలిపిన ప్లేటు, మొదటి వైపు నెంబరది. తిప్పితే 422. నా దమ్ దమ్ ప్లేటు తీసి చూస్తే దాని మీదా 421! ఎక్కడి లండన్, ఎక్కడి దమ్ దమ్, ఎక్కడి మా క్లాక్ టవర్. రెండూ ఒకే మూలం నుంచి పుట్టిన బిడ్డలన్న సంగతి ఆ రాత్రి నాకు తెలిసింది. దుకాణం షట్టర్ సగం దించి కూర్చున్నాను, ఇంటికి పోయేసరికి పదకొండయింది, అన్నం చల్లారిపోయింది.

ఇక్కడ కొంచెం పని వివరం చెప్పాలి, లేకపోతే లక్షల లెక్క అర్థం కాదు. ముందు మెత్తటి పూత వేసిన పళ్లెం మీద పాటను గాడిగా కోస్తారు. దాని మీద లోహం పూత పోసి ఒక ఉల్టా అచ్చు, దాన్నుంచి మళ్లీ ఒక సుల్టా అచ్చు తీస్తారు. ఈ రెండోదాన్నే ఇంగ్లిషులోనూ తల్లి అనే అంటారు. తల్లి నుంచి మళ్లీ ఉల్టా అచ్చులు తీసి వాటిని యంత్రానికి బిగించి ప్లేట్లు నొక్కుతారు. ఇటుకల బట్టీలో చెక్క అచ్చు మూలలు అరిగినట్టే ఈ అచ్చులూ అరుగుతాయి. కొన్ని వందల ప్లేట్లు నొక్కాక పక్కన పడేసి కొత్తది బిగిస్తారు. అందుకని ఎన్నో అచ్చుదో ప్లేటు మీదే గుర్తు పెట్టేవాళ్లు ఈఎంఐ వాళ్లు. లేబుల్‌ను గడియారం అనుకుంటే తొమ్మిది గంటల దగ్గర తల్లి నెంబరు, మూడు గంటల దగ్గర అక్షరాల్లో అచ్చు నెంబరు. గ్రామఫోన్ లిమిటెడ్ పేరును కుదించి పది అక్షరాలు తీసుకున్నారు: జీ, ఆర్, ఏ, ఎం, ఓ, పీ, హెచ్, ఎల్, టీ, డీ. జీ అంటే ఒకటి, ఆర్ అంటే రెండు, అలా పోయి చివరి డీ సున్నా. నా పసుపు లేబుల్ ప్లేటు మీద ఆర్, ఓ అని ఉంది. ఇరవై ఐదో అచ్చు. మా ప్రకాశం బజార్ బట్టల దుకాణాల్లో కొన్న ధర మనకు తెలియకుండా చీర చీటీ మీద అక్షరాల్లో రాసుకుంటారు చూడండి, అదే యుక్తి. లండన్ సేట్లు కూడా మన సేట్లలాంటివాళ్లే.

ఇక వినడం. ఈ ఆల్బమ్‌లోని పద్నాలుగు పాటల్లో పదింటిని 1963 ఫిబ్రవరి 11న ఒక్క రోజులో పాడేశారు. పొద్దున పదింటికి మొదలుపెట్టి రాత్రి పదిన్నర దాటేదాకా. బృందంలో పాడే జాన్ లెనన్‌కు ఆ రోజు జలుబు. గొంతు చించుకుని పాడాల్సిన ‘ట్విస్ట్ అండ్ షౌట్’ను అందుకే ఆఖరుకు పెట్టారు, ఒక్కసారికే అయిపోయింది. రెండోసారి పాడబోతే గొంతు లేదు. (ఫిబ్రవరి 11 మనకూ గుర్తుండే తేదీయే. 1974లో ఘంటసాల గారు పోయింది ఆ రోజే.) అప్పటి టేపు మీద రెండే దారులు: ఒకదాంట్లో గొంతులు, ఒకదాంట్లో వాద్యాలు. రెండూ కలిపి మోనో చేయడానికి అట్లా తీశారు. తర్వాత స్టీరియో, అంటే రెండు పక్కల నుంచి వేరు వేరుగా వినబడేది, కావాలన్నప్పుడు వాద్యాలు ఎడమకు, గొంతులు కుడికి పెట్టేశారు. ఇప్పుడు ఫోన్‌లో వచ్చేది స్టీరియోనే. ఎన్జీ కాలేజీలో చదివే పక్కింటి పిల్లవాడు “ఫోన్ల ఉన్నది కదా తాతా, ఇన్ని ప్లేట్లెందుకు” అన్నాడు. వాడి చెవిలో ఒక్క ఇయర్‌ఫోనే ఉంటుంది ఎప్పుడూ, రెండోది పోయింది. కుడి చెవిది పెట్టుకుని విను అన్నాను. విన్నాడు. “మ్యూజిక్ ఏది?” అన్నాడు.

‘ప్లీజ్ ప్లీజ్ మీ’ పాటలోనే ఇంకో తమాషా ఉంది. స్టీరియోలో చివరి చరణానికి వచ్చేసరికి లెనన్ మాట తడబడతాడు, ఆ వెంటనే పాడే ముక్కలో నవ్వు ఆపుకుంటున్నట్టు వినిపిస్తుంది. మోనోలో ఆ తప్పు లేదు. రెండు మిక్సులూ వేరు వేరు టేపు ముక్కలతో కూర్చినవి. 1987లో సీడీ వేసినప్పుడు మోనోనే వేశారు, 2009 సెప్టెంబర్ 9న కొత్తగా శుభ్రం చేసి వేసినప్పుడు స్టీరియో విడిగా కూడా ఇచ్చారు. అంటే నడుమ ఇరవై రెండేళ్లు సీడీ కొన్నవాడికి ఆ నవ్వు దక్కలేదు. నాకైతే ఆ నవ్వు కోసమే ఇంగ్లండ్ స్టీరియో ప్లేటు, 1970ల నాటిది, ఇంకొకటి కొనాల్సి వచ్చింది. ‘లవ్ మీ డూ’ కూడా అంతే. 1962లో చిన్న ప్లేటుగా మొదట వచ్చినప్పుడు డ్రమ్ములు వాయించింది బృందంలోని రింగో స్టార్. ఆల్బమ్‌లో ఉన్నది వారం తర్వాత మళ్లీ పాడినది, అందులో డ్రమ్ములు ఆండీ వైట్ అనే అద్దె వాద్యగాడివి, రింగో చేతికి గిలకలున్న టాంబురిన్ ఇచ్చారు. గలగల వినబడితే ఆండీ వైట్, లేకపోతే రింగో. పెళ్లి బ్యాండులో అసలువాణ్ణి పక్కకు నిలబెట్టి అద్దెవాణ్ణి వాయించమన్నట్టు. పాపం రింగో.

అమెరికా ప్లేటు గురించి రాయాలంటే సిగ్గుగానే ఉంది. అక్కడ ఈ పాటల్ని ఆల్బమ్‌గా మొదట వేసింది చికాగోలోని వీ-జే అనే కంపెనీ, 1964 జనవరిలో, ‘ఇంట్రడ్యూసింగ్ ద బీటిల్స్’ పేరుతో, పద్నాలుగు కాదు పన్నెండు పాటలతో. ఇందాక చెప్పాను చూడండి, నేను ముల్లు ఎత్తేసిన ఆ ‘వన్, టూ, త్రీ, ఫోర్’. అక్కడి ఇంజనీరు కూడా నాలాగే అది అనవసరం అనుకుని కత్తిరించాడు. కత్తిరించినవాడు పూర్తిగా కత్తిరించొచ్చు కదా, ‘ఫోర్’ ఒకటి మిగిల్చాడు. ఆ ఒక్క ‘ఫోర్’ వినాలని నాకు ఎంత కోరికో. డాలస్‌లో ఉన్న మా అక్క కొడుక్కి చెబితే ఎవరి దగ్గరో కొని, దసరాకు వచ్చినప్పుడు తెచ్చాడు. బాగానే పెట్టాడు డబ్బులు, ఎంతో చెప్పలేదు. భూతద్దం పెట్టి చూస్తే నకిలీ. ఈ ప్లేటుకు దొంగ అచ్చులు అమెరికాలో కుప్పలు తెప్పలుగా వేశారు. అసలుదానికి ఆల్బమ్ పేరు లేబుల్ నడిమి రంధ్రానికి ఒక పక్క, బృందం పేరు ఇంకో పక్క ఉంటాయి. నా దానికి రెండూ రంధ్రానికి పైనే ఉన్నాయి. అట్ట మీద జార్జ్ హారిసన్ పక్కన గోడ మీద నీడ పడాలి, దొంగ అట్టల మీద ఆ నీడ ఉండదు. నా దాని మీద లేదు. పానగల్ ఛాయా సోమేశ్వరాలయంలో పొద్దంతా లింగం మీద నీడ చూస్తూ పెరిగినవాణ్ణి, నీడ లేదని కనిపెట్టలేకపోతే ఎట్లా? మేనల్లుడికి మాత్రం చెప్పలేదు. “ఎట్లున్నది మామా?” అంటే “మస్తుందిరా” అన్నాను. ఆ ‘ఫోర్’ అయితే ఉంది అందులో. దొంగ కూడా నకలు శ్రద్ధగానే తీశాడు.

పాత ప్లేటు ఏదైనా కొత్తదానికన్నా బాగా వినిపిస్తుందని కూడా రాశారు మీ వ్యాసకర్త. నా దమ్ దమ్ ప్లేటు చిటపటలాడుతుంది, పోపు వేసినట్టు. 2014లో పాత టేపుల నుంచే మళ్లీ కోసి వేసిన మోనో ప్లేటు నా దగ్గరుంది, ఎనిమిదింటిలో వినడానికి అదే బాగుంటుంది. అబద్ధం ఎందుకు? దమ్ దమ్‌ది అమ్మమంటే మాత్రం అమ్మను.

ఇప్పుడు లక్షలు. ఆ ఆల్బమ్ 1963 మార్చి 22న మోనోలో వచ్చింది, స్టీరియో ఏప్రిల్ 26న. అప్పుడు లేబుల్ నలుపు మీద బంగారు రంగు అక్షరాలు. కొద్ది రోజులకే కంపెనీ లేబుల్ పసుపు నలుపుకు మార్చేసింది. స్టీరియో పెట్టెలున్న ఇళ్లు అప్పుడు ఇంగ్లండ్‌లోనే తక్కువ. కాబట్టి నలుపు బంగారు లేబుల్‌తో, అదీ స్టీరియోలో అచ్చయినవి చాలా కొద్ది. మచ్చ లేకుండా ఉన్నవాటికి వేల పౌండ్లు పలుకుతాయి. మీరు రాసిన లక్షలు వాటివి. వాటిలోనూ ముందు వచ్చినవాటి మీద పాటల హక్కుదారు డిక్ జేమ్స్ కంపెనీ పేరుంటుంది, తర్వాతవాటి మీద నార్తర్న్ సాంగ్స్. ఆ ఒక్క గీతకే ధర మారిపోతుంది. నలుపు బంగారు లేబుల్‌ది నేను జీవితంలో ఒక్కసారే చేత్తో పట్టుకున్నాను, సికింద్రాబాద్‌లో ఒక పెద్దమనిషి ఇంట్లో. చేతులు కడుక్కుని రమ్మన్నాడు. కడుక్కున్నాను. మళ్లీ కడుక్కోమన్నాడు. పసుపు లేబుల్‌వి అలా కాదు. ఆ ఆల్బమ్ ఇంగ్లండ్‌లో ముప్పై వారాలు మొదటి స్థానంలో నిలబడింది, కాబట్టి లెక్కలేనన్ని అచ్చేశారు. నా నలభై రూపాయలది నాకు గొప్ప, బజారులో కాదు.

వచ్చిన ఇరవై ముగ్గురిలో పదకొండు మంది తెచ్చింది ఘంటసాల భగవద్గీత. దానికి ధర ఎంతొస్తుందని అడిగారు. మా తెలుగువాళ్ల ఇళ్లలో ప్లేట్ల పెట్టె ఉందంటే అది ఉంటుంది. అది లేని ఇల్లు చూపిస్తే నేనే డబ్బులిస్తానని చెప్పి పంపించాను. పాతదైనంత మాత్రాన ధర రాదు. తక్కువ ఉండి, కావాలనేవాళ్లు ఎక్కువైతే వస్తుంది. ఆ ఒక్క వాక్యం మీ వ్యాసంలో ఉంటే మా ఇంట్లో రెండు కిలోల చక్కెర మిగిలేది.

ఇక ఆ మూడో సంగతి. ప్లేట్లను మెడికల్ షాపులో దొరికే స్పిరిట్‌తో దూదిపెట్టి తుడిస్తే కొత్తవాటిలా మెరుస్తాయని రాశారు. ఏ ప్లేట్లను? 1970ల ఎల్పీ, అంటే వైపుకు చాలా పాటలు పట్టే పెద్ద ప్లేటు, అయితే వినైల్ అనే ప్లాస్టిక్, వంచితే కొంచెం వంగుతుంది, ఎక్కువ నష్టం జరగకపోవచ్చు. అంతకుముందు వచ్చిన 78 వేగం ప్లేట్లు, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగేవి, లక్కతో చేసినవి. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. వడ్రంగులు పాలిష్ కోసం లక్క ముక్కల్ని స్పిరిట్‌లోనే కదా నానబెట్టేది. లాడ్ బజార్ లక్క గాజుల మీద ఆ దూది రుద్ది చూడండి, మీకే తెలుస్తుంది.

పోయిన బుధవారం నకిరేకల్ దగ్గరి పల్లె నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. ఎనభై దాటి ఉంటాయి. వెంట మనవడు, ఇంటర్ పిల్లవాడు, తల దించుకుని నిలబడ్డాడు. పాత చీర ముక్కలో చుట్టిన 78 ప్లేటు తీసి నా చేతిలో పెట్టింది. హరికథ ప్లేటు. ఒక వైపు నల్లగా నిగనిగలాడుతోంది. ఇంకో వైపు బూడిద రంగు, వేలు పెడితే జిగురుగా తగిలి ఆరిపోయినట్టుంది, దూది పోగులు అంటుకుని ఉన్నాయి. గాడులు ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోయాయి. పిల్లవాడు మీ వ్యాసం పక్కన పెట్టుకుని ఒక వైపు తుడిచాడు, అది చూసి ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ వైపు ముల్లు పెడితే గాలివానలా హోరు, లోపలెక్కడో మనిషి గొంతు ఉన్నట్టు. తిప్పి రెండో వైపు పెట్టాను. చక్కగా పలికింది. మూడు నిమిషాలు కదలకుండా విన్నదామె. అయిపోయాక అన్నది: “ఇది గాదు కొడుకా. మా ఆయన పాడుకునేది అటుదిక్కుది.”

చాయ్ వద్దన్నది. ఆ రోజు మా ఇంటామె లెక్కలో ఆమె లేదు.

ఇంకో మాట చెబితే మీ వ్యాసకర్తకు విషయం ఎంత దూరం పోతుందో తెలుస్తుంది. ఇంగ్లండ్‌లో లక్క ప్లేట్లు ఆపేసిన తర్వాత కూడా మన దేశంలో 1960ల్లో వేస్తూనే ఉన్నారు. కరెంటు లేని ఇళ్లలో, చేత్తో తిప్పే గ్రామఫోన్లు ఉన్న ఇళ్లలో ఇంకేం వేసుకుంటారు? అందుకని బీటిల్స్ పాటలు కూడా ఇక్కడ 78 వేగం లక్క ప్లేట్ల మీద అచ్చయ్యాయి. ప్రపంచంలో సేకరించేవాళ్లు వాటి కోసం కళ్లు కాయలు కాచేలా చూస్తుంటారు. నా దగ్గర ఒక్కటీ లేదు. సాగర్ కాలనీలోనో, పాత క్లబ్బుల్లోనో, ఏ దొర గారి గడిలోనో ఒకటి ఉండి ఉంటుందని నలభై ఏళ్లుగా నా ఆశ. మీరు రాసిన నిజమైన లక్షలు ఈ జిల్లాలో ఉంటే గింటే అలాంటి ప్లేటుకే ఉంటాయి. మీరు చెప్పినట్టు తుడిస్తే పోయేదీ ఆ ప్లేటే.

కాబట్టి దయచేసి ఇది వేయండి, అదే ఆదివారం అనుబంధంలో, అంతే పెద్ద అక్షరాల్లో కాకపోయినా కనబడేటట్టు. బరువుగా, పది అంగుళాలే ఉండి, వైపుకు ఒకే పాట ఉండి, లేబుల్ మీద 78 అని ఉంటే అది లక్క. దానికి స్పిరిట్ తగలనీయొద్దు. చల్లని నీళ్లలో ఒక చుక్క సబ్బు వేసి, లేబుల్ తడవకుండా మెత్తటి గుడ్డతో గాడి పోయే దిక్కుగా తుడిచి, నీడలో నిలబెట్టి ఆరబెడితే చాలు. ఎండలో పెట్టొద్దు, మన ఎండకు అప్పడం అయిపోతుంది. ఆ పాత చేతి గ్రామఫోన్ల ఇనుప ముల్లుతో ఎల్పీలు వేయొద్దు, ఒక్కసారికే గాడి చెక్కేస్తుంది. ఫొటో సంగతి కూడా ఒక లైను రాయండి, మిర్యాలగూడ ఆయన మీ పేపరే చదువుతాడు.

ఉత్తరం కింద నా పేరు, గల్లీ పేరు వేయకండి. నల్లగొండ అని వేస్తే చాలు. చాయ్ పొడి కూడా అయిపోవచ్చింది.

ఇట్లు,
ఒక పాత రేడియో మెకానిక్,
నల్లగొండ